చెత్తను తూచిన తరగతి: కోనసీమ హైస్కూల్లో ఒక ఏడాది పని

కోనసీమలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో 7వ తరగతి పిల్లలతో ఒక విద్యా సంవత్సరమంతా చేసిన పని ఇది. నేను అక్కడ జీవశాస్త్రం చెబుతాను, ఎకో క్లబ్ కూడా నేనే చూసుకుంటాను. తరగతిలో 40 మంది వరకు ఉంటారు. చాలామంది తల్లిదండ్రులు కొబ్బరి తోటల్లో, వరి చేలల్లో పనిచేస్తారు. కొందరి అమ్మలు గల్ఫ్‌లో ఉంటే పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, బడిలో మొదలైన పని ఇళ్ళకు చేరినప్పుడు దాన్ని ముందుగా అందుకున్నది ఈ అమ్మమ్మలే.

బడి వెనక ప్రహరీ పక్కన ఒక గొయ్యి ఉండేది. రోజూ ఊడ్చిన చెత్తంతా అందులో పడేది. నిండాక ఎవరో ఒకరు నిప్పు పెట్టేవారు. ఆ పొగ నేరుగా 6వ తరగతి గదిలోకి వచ్చేది. ప్లాస్టిక్‌ను ఇలా ఆరుబయట కాలిస్తే, అందులోనూ పీవీసీ ఉంటే, డయాక్సిన్ల లాంటి విషాలు పుడతాయని పుస్తకంలో చెబుతూనే ఉన్నాం. పిల్లలకు తడి చెత్త, పొడి చెత్త నినాదాలు కంఠతా వచ్చు. పోస్టర్లు చక్కగా వేస్తారు. గొయ్యి మాత్రం నిండుతూనే ఉండేది. పారేసిన వస్తువు ఆ తర్వాత ఎక్కడికి పోతుంది, దాన్ని ఎవరు ముట్టుకుంటారు, దానికి ఎవరైనా డబ్బులిస్తారా అన్నది వాళ్ళెప్పుడూ చూడలేదు. ఏడాది పనంతా అక్కడి నుంచి మొదలుపెట్టాలనుకున్నాను.

బళ్ళలో ‘పనికిరాని వస్తువులతో పనికొచ్చేవి’ పోటీలు పెట్టడం మామూలే. నేను ఆ దారి పట్టలేదు. ఒక సీసాను పూలకుండీగా మార్చడానికి కొత్త రంగులు, కొత్త జిగురు, మెరుపు కాగితం, ఒక్కోసారి కొత్త థర్మాకోల్ షీటు కూడా కొంటారు. బహుమతి ఇచ్చిన వారానికి అన్నీ కలిసి గొయ్యిలో పడతాయి. పైగా వాటిని విడదీయడం ఇక కుదరదు. పిల్లల చేతిపని అంటే నాకు గౌరవమే. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో ఆకారాలు కట్టించిన అరవింద్ గుప్తా గారి బొమ్మలు మా ల్యాబులో ఇప్పటికీ చేయిస్తాను. 1970లలో మధ్యప్రదేశ్ బళ్ళలో ప్రయోగాలతో సైన్సు నేర్పిన హోషంగాబాద్ సైన్స్ కార్యక్రమంలో పనిచేస్తున్నప్పుడు ఆయన ఆలోచించిన పద్ధతి అది. కొత్తది ఏదీ కొనక్కర్లేదు, ఆడుకున్నాక విప్పి మళ్ళీ ఇంకోటి కట్టొచ్చు. పారేసిన వస్తువుతో చేసే పనికి నేను పెట్టుకున్న కొలత కూడా అదే: చేసింది విప్పడానికి వీలుండాలి.

మొదటి పని తూకం. ఒక రోజు చెత్తను గొయ్యిలో వేయనివ్వకుండా గోనెసంచుల్లో పెట్టించి, మర్నాడు మైదానంలో టార్పాలిన్ పరిచి దాని మీద పోయించాం. పిల్లలందరికీ చేతి తొడుగులు, వంటింటి పటకార్లు ఇచ్చాం. గాజు ముక్కలు, బ్లేళ్ళు, బ్యాటరీలు, మందు స్ట్రిప్పులు, మాస్కులు కనబడితే ముట్టుకోకుండా చెయ్యెత్తాలి, టీచరే తీస్తారు. మూటగట్టి పడేసిన శానిటరీ ప్యాడ్లు ముందే వేరు చేసి ఉంచాం. వాటి గురించి ఆడపిల్లలతో విడిగా మాట్లాడాను. కాగితంలో చుట్టి, ఎర్ర గుర్తు పెట్టి, మూత ఉన్న వేరే డబ్బాలో వేయడం అప్పటి నుంచి అలవాటైంది. ఇలాంటి పని చేయించే ఏ టీచరూ ఈ విషయం దాటవేయకూడదు. చెత్త తీసుకెళ్ళే గ్రీన్ అంబాసిడర్లు (పంచాయతీ పారిశుద్ధ్య కార్మికులు) ఉత్త చేతులతో ముట్టుకోవాల్సి వచ్చేది ముందుగా వీటినే.

ఎలా విడదీయాలో నేను చెప్పలేదు. కుప్పలు మీరే పెట్టండి అన్నాను. ఒక జట్టు రంగుల వారీగా పెట్టింది. ఒక జట్టు ‘ఇంట్లోంచి వచ్చింది, కొట్టులోంచి వచ్చింది, బడిలోదే’ అని మూడు కుప్పలు చేసింది. ఆ విభజన నాకు తట్టలేదు, కానీ ఏడాది పొడవునా అదే మాకు ఎక్కువగా ఉపయోగపడింది. ఆ తర్వాత ప్రతి కుప్పనూ కిరాణా కొట్టు నుంచి తెచ్చిన కాటా మీద తూచారు, ముక్కలు లెక్కపెట్టారు, బకెట్టులో వేసి ఎంత చోటు పడుతుందో కొలిచారు. ఇక్కడే తరగతిలో వాదన మొదలైంది. తూకంలో మధ్యాహ్న భోజనం మిగుళ్ళదే పైచేయి. లెక్కలో చూస్తే ఐదు రూపాయల చిరుతిళ్ళ కవర్లు అన్నిటినీ దాటేశాయి. చోటు విషయంలో ఖాళీ సీసాలు, అట్టలు ముందున్నాయి. ‘అయితే ఏది ఎక్కువ టీచర్?’ అని అడిగారు. మీరే తేల్చండి అన్నాను. లెక్కల మాస్టారు మర్నాడు ఆ మూడింటికీ బార్ గ్రాఫులు వేయించారు. పాఠంలో గ్రాఫు గీయమంటే విసుక్కునే పిల్లలు తమ చెత్త గ్రాఫు విషయంలో స్కేలు తప్పిందని ఒకరితో ఒకరు గొడవపడ్డారు.

రెండో పని పాత ఇనుము కొట్టు. సెంటరులో ఉన్న ఆ కొట్టాయన్ను ముందే అడిగి, పనిలేని మధ్యాహ్నం వేళ పిల్లల్ని తీసుకెళ్ళాను. ప్రతి జట్టూ తమ కుప్పలోంచి కొన్ని వస్తువులు సంచిలో తెచ్చుకుంది. ఒక్కోటి తీసి ‘బాబాయ్ గారూ, ఇది కొంటారా? కిలో ఎంత?’ అని అడిగి పలకల మీద రాసుకున్నారు. అట్టకీ కాగితానికీ వచ్చేది తక్కువ. ఇనుముకి అంతకన్నా మెరుగు. అల్యూమినియం కిలో వంద రూపాయలు దాటుతుందని విని కళ్ళు పెద్దవి చేశారు. దానికి కారణం బడికి వచ్చాక చెప్పుకున్నాం: బాక్సైట్ నుంచి కొత్తగా అల్యూమినియం తీయడానికి పట్టే శక్తిలో, పాత సామాన్లు కరిగించడానికి 5 శాతం చాలు. అందుకే సొట్టలు పడ్డ గిన్నెకి కూడా అంత ధర.

సంచిలో ఆఖరున మిగిలింది చిప్స్ కవరు. ‘అది నాకొద్దు నాన్నా, ఊరికే ఇచ్చినా తీసుకోను’ అన్నాడాయన. పిల్లలు నమ్మలేదు. వెండిలా మెరుస్తోంది కదా, అల్యూమినియమే కదా అన్నారు. ఆయన కవరు మూల చింపి, లోపలి మెరుపు, బయటి రంగు పొర ఒకదాన్నొకటి వదలకుండా అతుక్కుని ఉండడం చూపించాడు. ప్లాస్టిక్ పొర మీద అతి పల్చటి లోహపు పూత, దాని మీద ఇంకో ప్లాస్టిక్ పొర. విడదీసే ఖర్చు దాని విలువకన్నా ఎక్కువ. మేం బడిలో లెక్కపెట్టిన వాటిలో అన్నిటికన్నా ఎక్కువ ఉన్న వస్తువే ఎవరూ కొననిది. పిల్లలు ఈ మాటను నా నోట విన్నట్టయితే ఇంకో పాఠంగా పక్కన పెట్టేసేవారు. కొట్టాయన మాటకు మాత్రం ఎదురు లేదు, ఎందుకంటే ఆయనకు అది బతుకుతెరువు. పాత సామాన్లు కొనేవారిని బడి పాఠంలోకి తేకుండా రీసైక్లింగ్ గురించి చెప్పడం అసంపూర్ణమని నా గట్టి నమ్మకం. మన ఊళ్ళలో ప్లాస్టిక్, ఇనుము, కాగితం మళ్ళీ వాడకంలోకి వెళ్తున్నాయంటే ఎక్కువ భాగం వాళ్ళ చేతుల మీదుగానే.

ఆయన ప్లాస్టిక్‌ను ఎలా గుర్తుపడతాడో చూసి వచ్చారు కాబట్టి ల్యాబులో మూడో పని సులభమైంది. ఆయన వంచి చూస్తాడు, నేలకేసి కొట్టి చప్పుడు వింటాడు. మేం నీళ్ళను నమ్ముకున్నాం. అన్ని బళ్ళలోనూ చేయదగ్గ ప్రయోగం ఇది, పైసా ఖర్చు లేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. నీళ్ళ సీసా, దాని మూత, షాంపూ డబ్బా, పాల ప్యాకెట్టు, పెన్ను మూత, పెన్ను గొట్టం వీటిని గోరంత ముక్కలుగా కత్తిరించాలి. కత్తెర పని పెద్దవాళ్ళు చేస్తే మంచిది. ఒక పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి ఒక చుక్క సబ్బు నీళ్ళు కలపాలి. సబ్బు లేకపోతే తలతన్యత (నీటి పైపొర బిగువు) వల్ల మునగాల్సిన పల్చటి ముక్క కూడా పైన నిలబడిపోయి పిల్లల్ని తికమక పెడుతుంది. ముక్కకి గాలి బుడగలు అంటుకున్నా అంతే. అందుకే ఒక్కోదాన్నీ వేలితో నీటి అడుక్కి నొక్కి వదలాలి.

వేసే ముందు ప్రతి ఒక్కరూ ఏది తేలుతుందో పందెం కాసి రాయాలి. సీసా, దాని మూత ఒకటే కదా అని దాదాపు అందరూ రెండూ మునుగుతాయనో, రెండూ తేలతాయనో రాశారు. సీసా ముక్క మునిగింది, మూత తేలింది. సీసా అడుగున త్రికోణంలో 1 అంకె ఉంటుంది, అంటే పెట్ అనే రకం ప్లాస్టిక్, నీటి సాంద్రత 1 అయితే దీనిది ఇంచుమించు 1.38. మూత హెచ్‌డీపీఈ గానీ పాలీప్రొపిలీన్ గానీ అవుతుంది, ఈ రెండు రకాల ప్లాస్టిక్ సాంద్రతా 1 కన్నా తక్కువే. రీసైక్లింగ్ ఫ్యాక్టరీల్లో సీసాలను ముక్కలు చేశాక మూత ముక్కల్ని వేరుచేసేది ఈ నీటి తొట్టెలతోనే. షాంపూ డబ్బా తేలింది, పాల ప్యాకెట్టు తేలింది, పెన్ను మూత తేలింది. అద్దంలా ఉండే పెన్ను గొట్టం మునిగింది. చాలా పెన్నుల్లో అది పాలీస్టైరీన్ అనే ఇంకో రకం ప్లాస్టిక్, సాంద్రత 1.05 దగ్గర. ఇప్పుడు ఇంకో గ్లాసు నీళ్ళలో ఉప్పు నాలుగైదు చెంచాలు కరిగించి, గొట్టం ముక్కను అందులో వేస్తే పైకి వచ్చేసింది. సీసా ముక్క మాత్రం ఉప్పునీటిలో కూడా అడుగునే ఉంది. ‘ఉప్పేసి మూడు రకాల ప్లాస్టిక్ విడదీశాం’ అని ఒక పిల్లాడు ఆ సాయంత్రం హెడ్మాస్టారు గదికి వెళ్ళి చెప్పాడట. సాంద్రత పాఠం పై తరగతుల పిల్లలకు ఇలా చెబితే ఎంత బాగుండునో.

వాడి పారేసే పెన్నుల లెక్క కూడా ఈ ప్రయోగంలోంచే బయటపడింది. ఒకే పెన్నులో మూత ఒక రకం, గొట్టం ఒక రకం, కొనలో ఇత్తడి. ఇంత చిన్న వస్తువును విప్పి ఎవరు వేరు చేస్తారు? రీఫిల్ మార్చుకునే పెన్నులు కొనాలన్న మాట పిల్లల నుంచే వచ్చింది. కో-ఆప్ స్టోరులో రీఫిళ్ళు పెట్టాం. వాడిన రీఫిళ్ళు, పాడైన పెన్నులు ఒక గాజు సీసాలో వేసి తరగతి కిటికీలో ఉంచాం. నెల నెలా సీసా ఎంత నిండిందో గీత గీసేవారు. తగ్గుదల కళ్ళకు కనబడింది.

నాలుగో పని పూడ్చి చూడడం. జూలైలో, వానలు మొదలయ్యాక, తోట మూల చిన్న గుంటలు తవ్వి ఒక్కోదాంట్లో ఒక వస్తువు పెట్టి పేరు రాసిన కర్ర పాతాం: అరటి తొక్క, అడ్డాకు విస్తరి, నూలు గుడ్డ ముక్క, పాలిస్టర్ చీర ముక్క, కాగితం టీ కప్పు, చిప్స్ కవరు. సంక్రాంతి సెలవుల తర్వాత తవ్వాం. తొక్క, అడ్డాకు మట్టిలో కలిసిపోయాయి. నూలు గుడ్డ పట్టుకుంటే చివికిపోయింది. పాలిస్టర్ ఉతికి మళ్ళీ వాడుకోవచ్చు అన్నంత గట్టిగా ఉంది. అందరూ ఆగిపోయింది టీ కప్పు దగ్గర. కాగితం మాయమై, దాని లోపలి పల్చటి ప్లాస్టిక్ పొర కప్పు ఆకారంలోనే చేతికి వచ్చింది. కాగితం కప్పే కదా, మంచిదే అని ఊరంతా నమ్ముతున్న వస్తువు అది. ఆ పొరను కడిగి ఇంటికి తీసుకెళ్ళి చూపిస్తామన్నారు. ఈ మధ్య పెళ్ళిళ్ళలో వాడే విస్తరాకులకు కూడా అడుగున ఇలాంటి ప్లాస్టిక్ కాగితం అంటించి అమ్ముతున్నారు. గోటితో గీకి చూసి కొనమని ఒక అమ్మాయి వాళ్ళ మేనమామ పెళ్ళికి పట్టుబట్టింది.

కంపోస్టు సంగతి క్లుప్తంగా చెబుతాను, దీని గురించి ఎక్కువమందికి తెలుసు. ఈ పిల్లల అమ్మమ్మల కాలంలో ప్రతి దొడ్లోనూ పెంటకుప్ప ఉండేది. వారికి మేం నేర్పేదేమీ లేదు, పిల్లలే వెళ్ళి వారిని అడిగి వచ్చారు. భోజనం మిగుళ్ళు ఒక పాలు, ఎండుటాకులు రెండు మూడు పాళ్ళు, మధ్యమధ్య మట్టి. కోనసీమలో కొబ్బరి పొట్టు ఎక్కడైనా దొరుకుతుంది. తేమ బాగా పట్టి ఉంచుతుంది గానీ తొందరగా కుళ్ళదు, కాబట్టి కొంచెమే వేయాలి. కుప్పలోకి ఇనుప చువ్వ గుచ్చి పావుగంట ఆగి తీసి ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. సూక్ష్మజీవులు పనిచేస్తున్నాయనడానికి అంతకన్నా మంచి రుజువు పిల్లలకు అక్కర్లేదు. కుళ్ళు వాసన వస్తే తిరగేసి ఎండుటాకులు వేయాలి. భోజనంలో గుడ్డు పెట్టిన రోజుల్లో పెంకులు వేరుగా ఎండబెట్టి, దంచి, బడి తోటలో టమాటా మొదళ్ళలో వేశాం.

కంపోస్టు వల్ల వచ్చిన అసలు లాభం ఎరువు కాదనిపిస్తుంది నాకు. రోజూ మిగుళ్ళు తూచి బోర్డు మీద రాయడం వల్ల ఏ రోజు ఏ కూర వదిలేస్తున్నారో తెలిసింది. వంట చేసే అక్కలతో పిల్లలే మాట్లాడారు. ముందు కొంచెం పెట్టించుకుని, కావాలంటే మళ్ళీ అడగడం మొదలైంది. మిగుళ్ళ బకెట్టు తేలికైంది. కంపోస్టు జట్టు ‘మాకు సరుకు చాలడం లేదు’ అని ఫిర్యాదు చేసింది. తగ్గించడం అంటే ఏమిటో ఆ రోజు వేరే పాఠం చెప్పక్కర్లేకపోయింది.

కాగితం తయారీ కూడా చేయించాం. పాత నోటు పుస్తకాలు నానబెట్టి, రుబ్బి, దోమతెర బిగించిన చెక్క చట్రం మీద పరిచి ఆరబెట్టడం. పిల్లలకు అన్నిటికన్నా సరదా అనిపించింది ఇదే. అయితే దీన్ని పరిష్కారంగా చూపించకూడదు. నాలుగు కాగితాలకు బకెట్టు నీళ్ళు పడతాయి, వచ్చిన కాగితం మీద రాస్తే సిరా పాకుతుంది. దీని విలువ వేరే చోట ఉంది: మొదటిసారి చేసిన కాగితాన్నే మళ్ళీ నానబెట్టి రుబ్బి చేస్తే ఇంకా పెళుసుగా వస్తుంది. పీచు ప్రతిసారీ పొట్టిదవుతుంది. కాగితాన్ని మహా అయితే ఐదు నుంచి ఏడు సార్లు తిప్పగలరని చెప్పినప్పుడు వాళ్ళకు వేళ్ళతో తెలిసిన విషయమే అది. నోటు పుస్తకంలో మిగిలిన తెల్ల కాగితాలు కుట్టి రఫ్ పుస్తకం చేసుకోవడం రుబ్బడంకన్నా మేలని వాళ్ళే తేల్చారు.

పుట్టినరోజు చాక్లెట్లు మానడం మాత్రం కష్టమైంది. ఒక్క పుట్టినరోజుకే తరగతి నిండా కాగితాలు. బెల్లం వేసిన వేరుశనగ ఉండలు, జామకాయలు తేవచ్చని తరగతి తీర్మానించుకుంది. కొందరు తెచ్చారు. కానీ ఒక తల్లి వచ్చి, చాక్లెట్ పంచలేకపోతే మా బిడ్డను తక్కువగా చూస్తారని బాధపడింది. ఆమె మాటలో నిజం ఉంది. లేనివాళ్ళకు చాక్లెట్ పంచడం ఒక గౌరవం. అందుకని ఏదీ నిషేధించలేదు. ఏది తెచ్చినా కాగితాలు తూకానికి వస్తాయి, అంతే. సిద్దిపేట ప్రాంతంలో ఊళ్ళో విందులకు స్టీలు గిన్నెలు, గ్లాసులు అద్దెకిచ్చే స్టీల్ బ్యాంకుల గురించి చెబితే, అమ్మమ్మలు కొందరు తమ అటక మీది స్టీలు గ్లాసులు బడికి పంపారు. వార్షికోత్సవానికి కాగితం కప్పు కొనలేదు.

ఏప్రిల్లో కాలువలు కట్టేశాక పిల్లలతో గట్టు వెంట నడిచాం. ధవళేశ్వరం నుంచి వచ్చే నీరు ఆగి, పూడిక బయటపడ్డ రోజులవి. దిగనివ్వలేదు, గట్టు మీద నుంచే చూసి రాసుకోమన్నాను. సీసాలు తక్కువ కనిపించాయి, వాటిని ఎవరో ఏరుకుని అమ్ముకున్నారు. బురద నిండా ఉన్నవి కొట్టాయన వద్దన్న కవర్లు, సాషేలు. ఇది మా తరగతి పరిష్కరించగల సమస్య కాదు. కొందరు టీచర్లు ఇలాంటి కవర్లను సీసాల్లో కూరి ఇటుకలు చేయిస్తున్నారు. కవర్లను ఒకచోట పోగు చేయడానికి పనికొస్తుంది గానీ, ఎండకు ఆ సీసా పెళుసెక్కి పగిలితే కవర్లన్నీ మళ్ళీ బయటికే. మా పిల్లలకు ‘పని అయిపోయింది’ అన్న తృప్తిని అంత చవగ్గా ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

బదులుగా కవరు వెనక చదివించాను. 2022 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం ప్లాస్టిక్ ప్యాకింగ్ వాడే కంపెనీలకు ఆ ప్లాస్టిక్‌ను వెనక్కి సేకరించి శుద్ధి చేయించే బాధ్యత ఉంది. కంపెనీ చిరునామా కవరు మీదే ఉంటుంది. ‘మీ కవరును మా ఊళ్ళో ఎవరూ కొనడం లేదు, దీన్ని మేం ఎక్కడ ఇవ్వాలి?’ అని పిల్లలు కార్డులు రాశారు, తెలుగులో కొందరు, ఇంగ్లిషు టీచరు సాయంతో కొందరు. తూకం లెక్కలు కూడా జత చేశారు. ఈ పని వేసవి సెలవులకు ముందు చేయడం వల్ల జవాబులు వచ్చినా చూసే పిల్లలు బడిలో లేరు. కార్డులు దసరాకు ముందే వెళ్ళేలా ఈసారి పని వరస మార్చాం: జూన్‌లో తూకం, జూలైలో పూడ్చడం, పాత ఇనుము కొట్టు, ఆగస్టులో నీటి ప్రయోగం, వెంటనే ఉత్తరాలు. ఇప్పుడు 8వ తరగతికి వెళ్ళిన పిల్లలే కొత్త 7వ తరగతి వారికి టార్పాలిన్ పరిచి చూపిస్తున్నారు. గొయ్యి పూడ్చేసి అక్కడ కంపోస్టు కుప్ప పెట్టాం. పొడి చెత్త వారానికోసారి పంచాయతీ షెడ్డుకు వెళ్తోంది, కవర్లు వేరే సంచిలో తూకం వేసి మరీ పంపుతున్నాం.